ముందు బరువు, తర్వాత నంబరు

మొన్న నిజామాబాదులో ఒక దవాఖానలో కూర్చుని ఉండగా, గోడ మీది టోకెను బోర్డులో కొత్త నంబరు పక్కన పాత రోగి పేరే ఒక్క రెప్పపాటు నిలిచి, ఆ తర్వాత సర్దుకుంది. పక్కవాళ్లెవరూ పట్టించుకోలేదు గానీ నాకు మాత్రం మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. ఆర్మూరులో ఒక పసుపు వ్యాపారి గోదాములో కాంటా మీద పనిచేసేవాడు. ఎండలు ముదిరేవేళకు బాల్కొండ నుంచీ ధర్పల్లి నుంచీ సరుకు దిగితే ఆ పసుపు కొమ్ముల దుమ్ము గాలిలోనే నిలిచిపోయి, బావ ఏ రంగు చొక్కా కొన్నా నెల తిరిగేసరికి అది పసుపు చొక్కానే అయ్యేది. నేనప్పుడు హైదరాబాదులో యంత్రానికి ఆనుకుని నడిచే ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉన్నాను. మా అక్క చుట్టాలతో దాన్ని 'కంప్యూటరు లోపలి పని' అని చెప్పేది, అంతకంటే బాగా నేనూ చెప్పలేకపోయేదాన్ని.

రైతులకు నమ్మకం కలగాలని సేటు గోడకు పెద్ద బోర్డు పెట్టించాడు. బావ కాంటా మీది చిన్న అంకెలు చూసి బరువు పలికితే, బోర్డు కూడా సంచి నంబరూ ఆ బరువూ చూపించాలి. పాత కంప్యూటరున్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. రెండు వేల ఏడో, ఎనిమిదో సరిగా గుర్తులేదు, లోపల రెండు ప్రాసెసర్లున్న కొత్త కంప్యూటరు వచ్చిన ఏడాది మాత్రం, ఎప్పుడో ఒకసారి బావ నోట ఒక బరువు, బోర్డు మీద వేరొక బరువు రావడం మొదలైంది.

భర్త దుబాయిలో ఉంటే సేద్యమంతా తానే చూసుకునే ఒక బాల్కొండ రైతు, నలుగురి ముందూ బావ గల్లా పట్టుకుంది. "బోర్డు గంత చూపిస్తుంటే నువ్వు తక్కువ చెప్తవేందన్నా? మా కష్టం నీ కండ్లకు ఆనుతలేదా?" మళ్లీ తూకం వేస్తే బోర్డు బావ చెప్పిన అంకెకే వచ్చింది. దాంతో బావ కింద ఏదో మీట నొక్కాడని అందరూ నమ్మేశారు. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమన్నాడు సేటు. బావ సరిగా అన్నం తినడం కూడా మానేశాడు.

అక్క నన్ను పిలిపించింది కంప్యూటరు చూడమని కాదు, కాంటా మీది అంకెలు తప్పు చదువుతున్నాడేమో, బావను కళ్ల డాక్టరుకు చూపించమని. చూపు ఏమాత్రం తగ్గలేదని డాక్టరు చెప్పాడు. నేను సంతోషించాను. తిరుగు బస్సు దిగేముందు బావ మాత్రం అన్నాడు, "కండ్లు మంచిగనే ఉన్నయంటే నేను దొంగనన్నట్టే గద."

మర్నాడు పొద్దున్నే సేటు దగ్గరికి వెళ్లాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. యంత్రం అమ్మినతను కూడా ప్రోగ్రాము సీడీ ఇచ్చేశాడు. హమాలీలను బతిమాలి ఒక బరువు సంచీ, ఒక తేలిక సంచీ మార్చి మార్చి కాంటా ఎక్కిస్తూ కూర్చుంటే, మధ్యాహ్నానికి తేలిక సంచి నంబరు పక్కన బరువు సంచి తూకం కనబడింది.

సంగతి చెప్పుకుంటే చిన్నదే. ఒక ప్రోగ్రాము మెమరీలో ముందు బరువు రాస్తుంది, తర్వాత సంచి నంబరు రాస్తుంది. ఇంకొకటి ఆ నంబరు మారేదాకా కాచుకుని ఉండి, మారగానే బరువు చదివి బోర్డుకు పంపుతుంది. బరువు ఒక్క దెబ్బలో మొత్తంగా పడేదే, సగం పాతా సగం కొత్తా అయ్యే ప్రమాదం లేదు. తప్పంతా వరుసలో ఉంది. రాసినతను సరైన వరుసలోనే రాశాడు గానీ, మన రాతను యంత్రభాషలోకి మార్చే కంపైలరు, ఈ రెండింటికీ సంబంధం లేదనుకుని వేగం కోసం నంబరును ముందుకు జరిపింది. పాత కంప్యూటరులో ప్రోగ్రాములు రెండూ వంతులవారీగా నడిచేవి కనుక ఆ సందు దాదాపు ఎవరికీ దొరకలేదు. కొత్తదానిలో రెండూ నిజంగానే ఒకేసారి నడుస్తూ, ఒకటి రాస్తున్న మధ్యలోనే రెండోది తొంగిచూసి, ముందు సంచి బరువును ఎత్తుకుపోయేది. ఆ రెండు రాతల మధ్య దాటరాదని అడ్డుగా ఒక బ్యారియరు పెట్టాను, చదివే వైపూ అలాగే పెట్టాను. సాయంత్రం దాకా సంచులు ఎక్కించినా తేడా రాలేదు.

ఇదంతా ఇంటికొచ్చి చెబితే బావ ఓపికగా విని ఒక్కటే అడిగాడు. "అయితే నేను చెప్పిందే నిజమా?" అవునన్నాను. లేచి మొహం కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు అక్కను.

సేటు మళ్లీ పనిలోకి పిలిచాడు. మరుసటి ఏడాది సరుకు తెచ్చినప్పుడు ఆ బాల్కొండ ఆమె తన సంచుల దగ్గరికి పోకుండా నేరుగా బావ దగ్గరికి వచ్చి, "యంత్రం గడబిడనట గదన్నా, మనసుల పెట్టుకోకు" అన్నదట. బావ ఏమన్నాడో అక్కకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు ప్రోగ్రాములు రాసే పిల్లలు ఆ వరుసను కాపాడటానికి ప్రోగ్రాము భాషలోనే ఉన్న ఒక్క మాట రాసి ముందుకు పోతారు, అది మంచిదే. తూకం కూడా తిన్నగా ఫోనుకే వస్తుందంటున్నారు. తప్పు వస్తే ఎవరి దగ్గరికి పోవాలో రైతుకు తెలియదు, ఆ తప్పు తనదనుకుని అన్నం మానేసే మనిషీ అక్కడ ఉండడు. ఏడాది గడిచాక వెతుక్కుంటూ వచ్చి 'మనసుల పెట్టుకోకు' అని చెప్పే ఆ ఒక్క మాట మాత్రం, ఇప్పుడు చెప్పాలనుకున్నా వినేవాడెవరో నాకు అర్థం కాదు.