శుక్రవారం మానేసిన మాత్ర

ప్రభువునందు ప్రియ సహోదరులారా, మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మాది బంటుమిల్లి దగ్గర పల్లె. రెండేళ్ల క్రితం నాకు గుండె దడ పట్టుకుంది, ఉన్నట్టుండి గుండె ఒడ్డున పడ్డ కొర్రమీనులా ఎగిరేది, కళ్లు చీకట్లు కమ్మి గోడ పట్టుకుని కూలబడేదాన్ని. బందరు ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఇంజెక్షన్ ఇచ్చి దడ ఆపారు, ఇది మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు, రోజూ రెండు పూటలా మాత్ర మానకూడదన్నారు.

వేసుకున్నాను, తగ్గింది. అయినా కొన్ని శుక్రవారాలు, శనివారాలు దడ మళ్లీ వచ్చేది! శుక్రవారం స్త్రీల ఉపవాస కూటం నడిపించేది నేనే, కాబట్టి సాతాను నా మీద పగబట్టాడనుకుని బుధవారం కూడా ఉపవాసం పెట్టుకున్నాను. దడ ఇంకా ఎక్కువైంది. చివరికి ఒక శుక్రవారం ప్రార్థన మధ్యలోనే పడిపోయాను, మా కోడలు ఆటోలో వేసుకుని బందరు పరుగెత్తింది, ఇక బతకననుకున్నాను. "ప్రభువా, నీ కోసం పస్తులున్నదాన్ని, నా తప్పేమిటో నీవే చూపించు" అని దారి పొడుగునా ఏడ్చాను.

దడ ఆపాక డాక్టరమ్మ, మన బందరు ముస్లింల అమ్మాయే, మాత్ర ఎప్పుడు వేసుకున్నానని అడిగింది. రోజూ వేసుకుంటున్నాననబోయి, ఇప్పుడే కదా తప్పు చూపించమన్నానని నాలుక కరుచుకున్నాను. ఉపవాసం రోజున మంచినీళ్లు కూడా ముట్టను, మాత్ర ఎలా వేసుకుంటానని చెప్పాను. మిగిలిన మాత్రలు కలిసొచ్చాయని లోపల సంతోషించిన సంగతీ ఒప్పుకున్నాను.

ఆ పిల్ల కోప్పడలేదు. "మామ్మగారూ, మా అమ్మ కూడా రంజాన్ నెలలో రోజా ఉపవాసం ఉంటుందండీ. ముందే డాక్టర్ని అడిగి మందు వేళ మార్చుకుంటుంది గానీ మానదు. మీరు అసలు అడగనేలేదు" అంది.

అడగకుండా పని చేస్తే మనవల వీపు చిట్లగొట్టేదాన్ని నేను! దేవుడు నా ప్రార్థనకు ఆ అమ్మాయి నోట జవాబిచ్చాడు, ఆయనకే మహిమ. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టే కాస్త గంజి తాగి, మాత్ర వేసుకుని ప్రార్థనకు కూర్చుంటున్నాను. మొన్న ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలన్నీ దడ లేకుండా గడిచాయి.

సంఘంలో ఈ సంగతి చెప్పగానే ఇద్దరు స్త్రీలు తామూ బీపీ మాత్ర మానేస్తున్నామని ఒప్పుకున్నారు. చదివే మీలోనూ అలాంటివారుంటారు. దేవుణ్ణి నమ్ముకోండి, డాక్టరు దగ్గర ఏదీ దాచకండి. మా శుక్రవారం కూటానికి రండి, కానీ మాత్ర వేసుకున్నారా అని గుమ్మంలోనే అడుగుతాను, లేదంటే ఇంటికి పంపి, వేసుకుని వచ్చాకే పాట మొదలుపెడతాను.