కుంకుడు రసం పోసి చూసిన బండ

మా చిన్నప్పుడు పాల్మాకులలో ఇంటికి షాబాద్ బండలు పరుస్తుంటే, స్నానాల చోట వేసిన బండ మీద మా నాయనమ్మ గిన్నెడు కుంకుడు రసం కుమ్మరించి, ఒట్టి కాళ్లతో ఎక్కి నిలబడింది... ఒక చేయి నా భుజం మీద. ఆ చేయి ఒక్కసారిగా బిగుసుకుంది. కాలు జారుతోందని నాకు అర్థమైంది.

బాపుకు నున్నటి బండంటే మోజు. ఇల్లంతా అదే వేయించాడు. అమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

నాయనమ్మ బాపును పిలిచి ఒక్కటే అడిగింది. "నడింట్ల నీ ముఖం కనవడేటట్టు ఏస్కో, నేనేం అనను. గీడ తడికాళ్లతోని తిరిగేది నీ పెండ్లాం. కడుపుతోని ఉన్న పిల్ల జారితే ఇగ ఏం జేస్తవు?"

మర్నాడు రోళ్లకు గంట్లు పెట్టే ఆమె వీధిలోకి వస్తే, నాయనమ్మ ఆమెతో ఆ బండ నిండా ఉలి గంట్లు పెట్టించింది. తానం చేసే బండకు గంట్లు పెట్టడం ఇదే మొదలని ఆమె ఒకటే నవ్వు... అక్కడ తలుపు లేదు, తడిక అడ్డం. అమ్మ లోపలుంటే నాయనమ్మ బయట కూర్చుని మాటలు కలుపుతూనే ఉండేది.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే... పోయినేడు కిరాయి ఇంటి బాత్రూంలో మా ఆయన జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. మళ్లీ పడితే నడవడం కష్టమని దవాఖానలో చెప్పారు.

ఆ మధ్య శంషాబాద్‌లో మా కొత్త ఇంటికి టైల్స్ ఎంచడానికి వెళ్లాం. హాలుకు విట్రిఫైడ్, నూనె మరక తుడిస్తే పోయేలా వంటింటి గోడకు నున్నటి సిరామిక్, బండి నిలిపే చోటికి మందపాటి గరుకువి... అంతవరకు పేచీ లేదు. బాత్రూంకు మాత్రం కోడలికి పాలరాయిలా మెరిసేది నచ్చింది. అదీ జారదని దుకాణదారు హామీ ఇచ్చాడు.

పొడి టైల్ మీద ఎవరు జారుతారు? నీళ్లు, ఒక షాంపూ ప్యాకెట్ తెప్పించమన్నాను.

పోసి, నేను చెప్పులు విడిచేలోపే మా ఆయన ముందుకు వచ్చి కాలు పెట్టేశారు. మడమ సర్రున కదిలింది... ఆయన చేయి నా భుజం మీద బిగుసుకుంది. సరిగ్గా అక్కడే.

తర్వాత మట్టిరంగు గరుకు టైల్ మీదా అలాగే పోసి చూశాం. దాని మీద నా భుజం వదిలి నిలబడ్డారు.

"దీనికి మురికి పట్టుకుంటది అత్తమ్మా, రుద్దుడు నేనే గద" అంది కోడలు.

"నేను గూడ రుద్దుత తియ్యి బిడ్డా, స్టూలు మీద కూసుండి" అన్నారాయన. ఆ పిల్ల నవ్వి, మట్టిరంగుదే పక్కన పెట్టించింది.

ఇప్పుడు కొత్త ఇంట్లోకి వచ్చేశాం. అయినా ఆయన స్నానానికి వెళ్తే, మగ్గు చప్పుడు వినబడేదాకా నా చేతిలో పని సాగదు. తడికల రోజులు కావు కదా... గదికో తలుపు, తలుపుకో గడియ. గడియ పెట్టుకోవద్దని రోజూ చెబుతాను. రోజూ పెట్టుకుంటారు.

మీ ఇళ్లలోనూ అలా తలుపు బయట చెవి ఒగ్గి నిలబడేవాళ్లు ఉంటే, రాయండి... చదువుతాను.