బేరింగు మీద చెయ్యి

మా పిన్ని అరచేతులకు చెమట జాస్తి. అదీ మామూలు చెమట కాదు, ఇనుమును తినేసే రకం. ఆవిడ వాడిన కత్తెర నాలుగు రోజులు తిరక్కుండా ఎర్రబడేది. అలాంటి మనిషికి మిలిటరీ సామాన్ల డిపోలో, తుప్పు పట్టకుండా చూసే ఉద్యోగం వచ్చింది. ఏరి కోరి ఇచ్చారే అని మా అమ్మ ఆటపట్టించేది.

పని బ్రహ్మవిద్యేమీ కాదు. లారీల విడిభాగాలను కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, నూనెలో ముంచి, మైనం కాగితం చుట్టి పెట్టెలో సర్దాలి. కడిగాక నూనెలో ముంచేలోపు ఒట్టి చెయ్యి తగలకూడదు, అంతే. తగిలిందో, నూనె కిందే తుప్పు మొదలవుతుంది. పెట్టె సరిహద్దుకు చేరి, అక్కడ విప్పితే గాని ఆ తుప్పు బయటపడదు. వెళ్ళి కొనుక్కోవడానికి అక్కడేమైనా బజారుందా? మళ్ళీ ఒకటి రావాలంటే నెలలు పడుతుంది. అందుకే పిన్ని చేతితొడుగులు లేకుండా బల్ల దగ్గరికే వెళ్ళేది కాదు.

బాబాయి సరిహద్దులో మిలిటరీ లారీలు బాగుచేసే మెకానిక్కు. ఒక ఏడు ఆయన తల్లి మంచం పట్టింది. కొడుకును చూడాలని ఒకటే కలవరింత. సెలవైతే ఇచ్చారు గాని, మూలపడ్డ లారీ కదిలాకే బయల్దేరమన్నారు పైవాళ్ళు. దానికో బేరింగు కావాలి.

అది పిన్ని బల్ల మీదికే వచ్చింది. పెట్టె మీద బాబాయి యూనిట్ పేరుంది. ఇది ఆయన చేతుల్లోకే వెళ్తుంది కదా అనిపించిందట. తొడుగు తీసి, కాసేపు అరచెయ్యి దాని మీద ఆనించింది. తర్వాత గుడ్డతో తుడిచి నూనెలో ముంచింది. తుడిస్తే పోతుందనుకుందట. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తుడిస్తే పోదని కొత్తవాళ్ళకు నేర్పేదే ఆవిడ.

అత్తగారు గుమ్మం వైపే చూస్తూ, "వాడు బయల్దేరాడటే?" అని అడిగేది. బండికి సామాను అందగానే వచ్చేస్తారని పిన్ని సర్దిచెప్పేది. అలా అడుగుతూ అడుగుతూనే ఆవిడ కన్నుమూసింది.

అంతా అయిపోయాక వచ్చాడు బాబాయి. గోడకు జారగిలబడి, "వచ్చిన బేరింగు మీద అయిదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు తుప్పు. ఎవరి చెయ్యో గాని, మా అమ్మను చూడనివ్వలేదు" అన్నాడు. పిన్ని చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ తర్వాత ఆయన ఎప్పుడు చెయ్యి పట్టుకోబోయినా చెమట అని వంక పెట్టి విడిపించుకునేది. ఈ వయసులో సిగ్గేమిటని ఆయన నవ్వేవాడు. చివరికి ఆస్పత్రి మంచం మీంచి ఆయన చెయ్యి చాపితే మాత్రం కాదనలేకపోయింది.

"ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని?" అన్నాడట.

అప్పుడైనా చెప్పాల్సింది అని పిన్ని నా దగ్గర ఏడ్చింది. చెప్పలేదు. తడి తడిగా ఉన్న ఆ చేతిని పట్టుకునే ఆయన వెళ్ళిపోయాడు.