తెల్లగీత మీద నడక: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

మెదడు జబ్బుల డాక్టర్లు మా జిల్లాకు వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లకు పోవాలన్నది ఈ నెల ఇరవై ఐదున తేల్చుకుంటారు. అందుకే ఈ ప్రయాణం సంగతి ఇప్పుడే రాయాలి. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు. జనగామ నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి ఎలా పోవాలని అడుగుతున్న వాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. మావాళ్ల అసలు పేర్లు మాత్రం రాయడం లేదు.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు హైదరాబాద్‌లో జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంత దూరం రావడానికి కారణం మా మేనమామ నడక. ఆయన జఫర్‌గఢ్ దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ముప్పై ఐదేళ్లు దాటాక కాళ్లు తూలడం మొదలైంది, తరువాత మాట ముద్దగా అయింది. కల్లు గీసేవాడు తూలితే జబ్బంటే ఎవరు నమ్ముతారు? ఒక్క చుక్క ముట్టని మనిషికి తాగుబోతని పేరు పడింది. మా అమ్మా ఆయనా ఒకే తల్లి పిల్లలు. అమ్మకు రానిది మామకు ఎందుకొచ్చిందని చిన్నప్పుడు అందరినీ అడిగేదాన్ని. డిగ్రీలో వంశపారంపర్యం పాఠం విన్న రోజున మేడమ్ వెంటపడి వెళ్లి, వరండాలో మామ నడక నడిచి చూపించాను. ఆమె నవ్వలేదు. “ఇది చిన్నమెదడుకు సంబంధించింది కావచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” అని అడిగింది. ఉంది!

మామ వాళ్ల నాయినకు, అంటే మా తాతకు, ఒక చెల్లె, ఒక తమ్ముడు. తాత కూడా చివరి రోజుల్లో తూలేవాడట. చెల్లె మల్లవ్వను మహబూబాబాద్ దగ్గర ఇచ్చారు, ఆమెకూ ఇదే నడక. తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు, నాకు చిన్నమామ, అదే బాయిలో పని చేస్తున్నాడు. మా ల్యాబ్‌లో సార్ సూటిగా చెప్పారు: మూడు ఇళ్లూ ఒప్పుకుంటే డాక్టర్లు వచ్చి పరీక్షించి రక్తం తీసుకుంటారు, నా పరిశోధన దాని మీదే. ఒక్క ఇల్లు తగ్గినా నేను పండ్ల ఈగల మీద పని చేయాలి. ఈగలంటే నాకు కోపమేమీ లేదు. కానీ తాగుబోతని పేరు పడింది వాటికి కాదు.

ఆ రోజు రైల్‌రోకో లేదని ముందే కనుక్కుని, పొద్దున ఏడింటికి జనగామ స్టేషన్‌లో మామతో కలిసి రైలెక్కాను. బస్సులు లేక జనం కిక్కిరిసి ఉన్నారు. టికెట్ మనిషికి ముప్పై రూపాయల లోపే. కాజీపేట, వరంగల్ దాటి తొమ్మిదిన్నరకల్లా మహబూబాబాద్‌లో దిగాం. అక్కడి నుంచి కురవి రోడ్డులో ఆటో.

మల్లవ్వ మంచం మీద కూర్చుని ఉంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేంతగా చేతులు ఊగుతున్నాయి. నేను వచ్చిన పని చెప్పగానే నవ్వింది.

“నా రక్తం దీస్కపోయి ఏం జేస్తరే?”

“చదువుతరు అవ్వ.”

“రక్తం జదువుతరా! మా ఇంట్ల ఒక్కలకు అక్షరం రాకపాయె, రక్తంల ఏం రాసుంటదే?”

ఒకేచోట అవే మూడక్షరాలు అవసరానికి మించి మళ్లీ మళ్లీ రాసినట్టు ఉండొచ్చని, ఆ తప్పే తల్లిదండ్రుల నుంచి పిల్లల్లో కొందరికి వస్తుందని చెప్పాను. అవ్వ మామ వైపు తిరిగి, “చూసినవా, నీకు ఆస్తి ఏం రాలేదని ఏడుస్తివి గద. గిదే!” అంది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. రొట్టెలు తినిపించి, ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర ఎక్కడ వేయాలని ఆమే అడిగింది.

మహబూబాబాద్ నుంచి నర్సంపేట మీదుగా భూపాలపల్లికి రోడ్డు ఉంది కానీ బస్సులు లేనప్పుడు నమ్మకం లేదు. మేము రైల్లో వరంగల్ వెనక్కి వచ్చి, పరకాల మీదుగా పోయే జీపు పట్టుకున్నాం. మామూలు చార్జీకి రెండింతలు. డ్రైవర్ యాకూబ్ అన్న, మామ ఎక్కే తీరు చూసి నా చెవి దగ్గర, “అక్కా, మీ మామ జర ఎక్కువ ఏసిండా ఏంది? బండ్ల కక్కితే కడుగుడు నీదే” అన్నాడు.

మామకు వినబడింది. “చెట్లెక్కిన గని నోట్ల చుక్క ఏసుకోలే తమ్మీ. నీ బండి ఊగుతున్నది, నేను గాదు.”

జీపంతా నవ్వింది. నేను మాత్రం లోపల పరేషాన్‌గా ఉన్నాను. రెండు రోజుల కింద ఫోన్లో చిన్నమామ, “మా ఇంట్ల అసొంటిదేం లేదు, రాకుండ్రి” అని పెట్టేశాడు. ఎందుకో నాకు తెలుసు. నడక సరిగ్గా లేదని బాయిలో తెలిస్తే పని పోతుందని ఆయన భయం.

భూపాలపల్లి ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటున్నారు. బొగ్గుబాయి వాళ్లూ సమ్మెలో ఉన్నారు కాబట్టి అంతా అక్కడే. ట్రాక్టర్ నీడలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న చిన్నమామ నన్ను చూసి తల దించుకున్నాడు.

పప్పు వండుతున్న అక్క “రాండ్రి, తిని పోండ్రి” అని పిలిచింది. మామ ఆకు పట్టుకుని లైన్లో నిలబడబోయి తూలాడు. ఒక పిలగాడు అడ్డం వచ్చాడు.

“పెద్దమనిషీ, ఉద్యమానికి తాగొస్తరా? పేరు కరాబ్ చేస్తున్రు.”

“తాగలే బిడ్డా.”

“గట్లనా? గీ తెల్లగీత మీద నాలుగడుగులు నడువు, ఒప్పుకుంటం.”

చుట్టూ ఈలలు వేశారు. రోడ్డు మధ్యలో గీత ఖాళీగా, నేరుగా ఉంది. ఆసుపత్రిలో చిన్నమెదడు కోసం డాక్టర్లు చేయించే పరీక్ష అచ్చం ఇదే! నేను నోరు తెరిచేలోపే మామ నడిచాడు. మూడో అడుగుకు పక్కకు పోయి పడబోతే యాకూబ్ అన్న పట్టుకున్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడు చిన్నమామ కత్తి కింద పెట్టి లేచాడు. “నేను పొద్దటి సంది మీ ముంగటనే ఉన్న. తాగిన్నా?” అని అడిగి, గీత మీద నడిచాడు. ఐదో అడుగుకు ఊగాడు, ఏడో అడుగుకు గీత దాటిపోయాడు. ఎవరూ నవ్వలేదు. “ఆయన మా పెద్దనాయిన కొడుకు. ఇది మా ఇంటి బీమారి” అన్నాడు.

ఆయనతో పనిచేసే ఒకాయన దగ్గరికొచ్చాడు. “గందుకేనా, బాయిల దిగినప్పుడల్ల నా భుజం మీద చెయ్యేస్తవు? సోపతికి అనుకున్న గదర!”

ఆకు తెచ్చి మామ చేతిలో పెట్టింది అడ్డం వచ్చిన ఆ పిలగాడే. ముగ్గురం రోడ్డు మీదే కూర్చుని తిన్నాం. చిన్నమామ అడిగాడు, “దీనికి మందున్నదా?”

“ఇప్పుడైతే లేదు చిన్నమామ. పేరు తెలుస్తది. తాగుడు గాదు, జబ్బని డాక్టర్లు రాసిస్తరు.”

“గా కాగితం మెడల ఏసుకొని తిరుగుత” అన్నాడు మామ, నోటి నిండా అన్నంతో.

చిన్నమామ తిన్న ఆకు మడిచి, “రమ్మను. గని బాయి కాడికి గాదు, ఇంటికి” అన్నాడు. నేను రోడ్డు మీద గంతు వేయలేదు, అంతే. ఇంతలో పప్పు వడ్డించిన అక్క నా పక్కన కూలబడి మెల్లగా అంది: “మా తల్లిగారూరు దేవరుప్పుల. మా అన్న గూడ గిట్లనే నడుస్తడు. తాగుబోతని పిల్లనియ్యలే ఎవ్వలు. మీ డాక్టర్లు మా అన్న కాడికి గూడ వస్తరా?”

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. సమ్మె వల్ల ప్రయాణం చెడిందనుకున్నాను కానీ, సమ్మె లేకపోతే చిన్నమామ బాయిలో ఉండేవాడు, ఆ అక్క కూలికి పోయి ఉండేది. మన తెలంగాణ మాటను ఎక్కిరించారని కోపంతో రోడ్డెక్కినవాళ్లం మనం. మన మధ్యే ఒకరి నడకను ఎన్నేళ్లుగా ఎక్కిరిస్తున్నామో ఆ తెల్లగీత దగ్గర చూశాను. నాకు ఈగలు వద్దు, ఈ నడకే కావాలని కూడా అక్కడే తేలిపోయింది.

తూలే మనిషితో ప్రయాణం చేసేవాళ్లకు ఒక సలహా. జీపులో డ్రైవర్ పక్క సీటు అడగండి, వెనక కూర్చుంటే గుంతల్లో పట్టు దొరకదు. అడిగేటప్పుడే “కాళ్ల బలం తక్కువ, జబ్బు ఉంది” అని గట్టిగా చెప్పండి.

ఇక నా మనవి. మూడు ఇళ్లూ ఒప్పుకున్నాయి, డాక్టర్లు వస్తున్నారు. దేవరుప్పుల నాలుగో ఇల్లు. మీ ఇంట్లో, మీ వాడలో, తాగకుండానే తూలే మనిషి ఉంటే ఇరవై ఐదో తారీఖు లోపు ఈ పేజీ కింద జవాబు రాయండి. పేరొద్దు, ఊరొద్దు. “మా ఇంట్లో కూడా” అంటే చాలు, మిగతాది నేనే మీకు విడిగా రాసి అడుగుతాను.