ఆగు బాబాయ్

మా బాబాయ్‌ని ఏమడిగినా జవాబు వెంటనే రాదు. చెవుడు లేదు, పొగరూ లేదు. చెయ్యెత్తి "ఆగు" అంటాడు, అంతే. అందుకే ఊరందరికీ ఆయన ఆగు బాబాయ్.

భోజనాల దగ్గర పిన్ని "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతుండగా వచ్చి, "కొంచెం తక్కువైంది" అనేవాడు. ఆవిడ కంగారుగా దుప్పటి పొడవు కొలుచుకునేది.

ఒకసారి డాక్టరు "ఏ పన్ను నొప్పి?" అని అడిగాడు. బాబాయ్ నోరు తెరిచి ఆలోచిస్తుండగానే పన్ను డాక్టరు చేతికొచ్చేసింది. "దాని పక్కది" అన్నాడు బాబాయ్.

ఆయన ఉద్యోగం గని కంట్రోల్ రూములో. పక్క కుర్చీ నాది. సొరంగాల గోడలకి వైర్‌లెస్ పెట్టెలు బిగించి ఉండేవి. కిందివాళ్ల మాట ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి గెంతుకుంటూ పైకి రావాలి. గెంతుకో ఆలస్యం. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా చేరదు. ఎవరిది ముందో తేల్చేది బాబాయే. మేనేజరుగారికైనా, "ఆగండి సార్, ముందు వేరేవాళ్లు లైన్లో ఉన్నారు" అనే చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం కింద సొరంగం కప్పు కూలింది. అందరూ బయటపడ్డారు, పంపు ఆపరేటరమ్మాయి తప్ప. ఆమె దారిలో పెట్టెలన్నీ మూగబోయాయి.

అంతలో స్పీకరులో ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. తెర మీద చూస్తే అది పాత సొరంగం నుంచి వస్తోంది. తాళం వేసి ఏళ్లయింది, లోపల పురుగు కూడా ఉండదు.

"ఎవరది?" అని మైకులో అరిచాడు, కిందనుంచి పరిగెత్తుకొచ్చిన మేస్త్రి. జవాబు లేదు. కాసేపటికి "ఎవరది?" అంటూ మేస్త్రి గొంతే కిందనుంచి పైకొచ్చింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను మైకు లాక్కున్నాను. "దెబ్బ తగిలిందా?" నిశ్శబ్దం. "పక్కన ఎవరైనా ఉన్నారా?" నిశ్శబ్దం. "ఊపిరాడుతోందా?"

"లేదు" అంది ఒక ఆడగొంతు, చల్లగా.

"ఊపిరాడని మనిషి మాట్లాడుతోందమ్మోయ్!" అంటూ మేస్త్రి బల్ల కింద దూరాడు.

"ఎవరూ లేరు" అంది గొంతు. చాలాసేపటికి, "ఆడుతోంది" అంది.

బాబాయ్ చెయ్యెత్తాడు. "ఆగండర్రా! ఆ 'లేదు' మొదటి ప్రశ్నకి. దగ్గర దారి తెగింది కదా, ఆ పిల్ల మాట పాత సొరంగం చుట్టూ తిరిగొస్తోంది. మేస్త్రి కేక కూడా ఆ పిల్ల మైకులో పడి వెనక్కొచ్చింది."

"ఆ పెట్టెలు ఇంకా బతికున్నాయా?" అన్నాను.

"సెలవులప్పుడు వెళ్లి బ్యాటరీలు మారుస్తుంటాలే. ఒక దారి పోతే ఇంకోటి ఉండొద్దూ?"

కెమెరాలు, మీటర్లు, మేనేజరుగారి లైను అన్నీ కట్టేసి, దారంతా ఆ గొంతుకే వదిలాడు. ఒక మాట అడగడం, జవాబు వచ్చేదాకా నోరు మూసుకోవడం. ఆ ఖాళీలో గది గుహలా ఉండేది. అదే మేమై ఉంటే ఉగ్గబట్టలేక ఆమె మాట మీద మాట వేసి చెడగొట్టేవాళ్లం. బాబాయ్ అలా ఒక్కో మాటే అడగ్గా ఆమె ఎక్కడుందో తెలిసింది. తవ్వడం మొదలైంది.

"బాబాయ్, చీకటి. నిద్రొస్తోంది" అంది గొంతు.

అంతే, బాబాయ్ మొదలుపెట్టాడు! పిన్ని గురక గురించి, చిన్నప్పుడు తనని తరిమిన బాతు గురించి, ఆపకుండా. నోళ్లు తెరిచి విన్నాం.

మేనేజరుగారు పరిగెత్తుకొచ్చారు. "ఏంటయ్యా ఈ సొల్లు? లైనంతా నీదేనా?"

"భయపడుతోంది సార్. అంతకంటే అర్జెంటేముంది?"

చీకటి పడేలోగా ఆమెని పైకి తెచ్చారు. ఒళ్లంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. నేరుగా కంట్రోల్ రూముకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒక్క కునుకు తియ్యనిచ్చావా బాబాయ్! ఇంతకీ ఆ బాతు కరిచిందా, లేదా?"

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ప్యాంటు మోకాలి దాకా మడిచి మచ్చ చూపించాడు.