సున్నానికి అనుమతి

ఎండకి పిట్టలు రాలిపోతున్నా మా పెద్ద గుమాస్తా ఉన్ని కోటు విప్పడు. దొరలు వెళ్ళిపోయి డెబ్బై ఏళ్ళయినా వాళ్ళు రాసిన రూల్సు పుస్తకమే ఆయనకి వేదం. ఆఫీసు గోడలకి సున్నం వేయాలంటే సముద్రం అవతల వాళ్ళ అనుమతి కావాలని అందులో ఉంది. అందుకే ఏటా ఓ అర్జీ పంపుతాడు. ఈలోగా ఫైళ్ళ మీద రాలిన పెచ్చుల్ని ఉఫ్‌మని ఊదుకుంటాడు. మొన్న మొట్టమొదటిసారి జవాబొచ్చింది: "ఆ భవనం మీదే. దయచేసి ఇక మాకు రాయకండి." ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, పటం కట్టించి, పెచ్చూడిన చోటే తగిలించాడు.

"ఇంకేం బాబాయిగారూ, సున్నం వేయించేద్దామా?" అంది టైపిస్టు.

"వేసుకోండి అన్న మాట ఇందులో ఎక్కడుందమ్మా? కాగితం ఎక్కించు, మళ్ళీ అడుగుదాం."