గద్దను ముందు పంపిన గేరు మోటారు

బిజినేపల్లిలో నా షాపు గోడకు వేలాడే టాంగ్ టెస్టర్ మీద ఒట్టు. ఇరవై ఏళ్లుగా బోరు మోటార్లు ఎంత కరెంటు తాగుతున్నాయో కొలిచి చెబుతోంది, ఏనాడూ అబద్ధం ఆడలేదు. దాని మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

ఒట్టు ఎందుకంటే మా చుట్టాల్లో నా మాటకు విలువ తక్కువ. తెలకపల్లిలో నేను వైండింగ్ చేసిన మోటారు బోరులోంచి నీళ్లతో పాటు చేపల్ని కూడా తోడిందని ఒక పెళ్లి పందిట్లో చెప్పాను. అప్పట్నుంచి నేను వానొస్తోందన్నా మా బావ బయటికి వెళ్లి, చెయ్యి చాపి చూసుకుని గానీ నమ్మడు.

బావ అంటే మా అక్క మొగుడు. ఉండేది గద్వాలలో, సీడ్ పత్తి వేసేది ఇటిక్యాల దగ్గర. రిమోట్‌తో పల్టీలు కొట్టించే విమానాల పోటీల పిచ్చి మా ఇద్దరికీ ఉంది. ఎగరేసేది ఆయన, మోటారు చూసేది నేను. విమానం మాత్రం ఒక్కటే, నిలబెడితే నాకన్నా పొడుగు.

ఈ పోటీల్లో జడ్జీలు చూసేది బలం కాదు. విమానం నిట్టనిలువుగా ఎంత నిదానంగా పైకి పోయిందో అంతే నిదానంగా కిందికి రావాలి. కిందటిసారి మాది పైకి ముద్దుగా పోయింది. కిందికి మాత్రం తాడు తెగిన బకెట్టు బావిలో పడ్డట్టు వచ్చింది. మాకు చివరి నుంచి రెండో స్థానం.

ఈసారి పోటీ వనపర్తిలో, వారం రోజులే ఉంది. బావ మోటారుకు ముక్కున తిరిగే పంకా నేరుగా బిగించి ఉంటుంది, మోటారు ఎంత తిరిగితే పంకా అంత. నేను తెప్పించింది గేరు మోటారు. లోపలి ఇరుసు గిరగిరా తిరుగుతుంటే గేరు ఆ వేగాన్ని తగ్గించి, ఇంకా పెద్ద పంకాను నెమ్మదిగా తిప్పుతుంది. దిగేటప్పుడు బ్రేకు పడితే ఆ పెద్ద పంకా గాలికి అడ్డం నిలిచి విమానాన్ని పట్టి ఉంచుతుంది. ఇదంతా బావకు వివరంగా చెప్పాను.

"చేపలు గూడ వస్తయా దాంట్ల?" అన్నాడు.

అప్పుడే అనుకున్నాను, కప్పు రాకపోయినా సరే, ఈ మనిషి ఒక్కసారి నా మాట నమ్మితే చాలని.

వేరుశనగ పీకేసిన చేనులో పరీక్ష పెట్టాం. బావ పత్తి తూచే స్ప్రింగ్ కాంటాను ట్రాక్టర్ కొక్కేనికి తగిలించి, దానికి విమానం తోక కట్టాడు. ఆయన మోటారు తొమ్మిది కిలోలు లాగింది. తర్వాత నాది బిగించి ఆన్ చేశాను. విమానం ముందుకు లాగడం మాని వెనక్కి నడిచి ట్రాక్టర్ టైరుకు ఆనుకుంది.

"ఓ బామ్మర్ది, గిది రివర్స్ గేరు గావచ్చు! ట్రాక్టర్‌కు ముద్దు పెడుతున్నది చూడు!"

ఆ గేరు పెట్టెలో తిరిగే దిక్కు మారుతుందన్నది మరిచిపోయాను. బోరు మోటారు ఉల్టా తిరిగితే చేసేదే చేశాను, మూడు తీగల్లో రెండింటిని అటుదిటు మార్చాను. ఈసారి ఎనిమిదిన్నర లాగింది.

"అరకిలో తక్కువ. అయిపోయె," అన్నాడు బావ.

"నువ్వు పోటీకి పోతున్నవా, పత్తి అమ్మనీకి పోతున్నవా? కాంటా గుంజుడు చూస్తది బావా, దిగుడు చూడదు!"

"అయితే ఎగరేసి చూద్దాం. నీ మాట నేను నమ్మ, నా మాట నువ్వు నమ్మవు. మీ అక్క చెప్పాలె."

సీడ్ పత్తిలో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసిన ప్రతి పువ్వుకూ దారం కట్టి గుర్తు పెట్టడం మా అక్కకు అలవాటు. కూలీలు వదిలేసిన పువ్వును గట్టు మీది నుంచే పట్టేస్తుంది. ఏ మోటారు ముందు ఎగురుతుందో ఆమెకు చెప్పకుండా దూరంగా కూర్చోబెట్టాం. విమానం పైకి పోతుంటే ఒకటి, రెండు అని లెక్కపెట్టింది, దిగుతుంటే మళ్లీ పెట్టింది. రెండు లెక్కలూ కలిసినప్పుడల్లా పక్కనున్న కట్టెకు ఒక దారం కట్టింది. బావ రెండు మోటార్లతోనూ ఆరేసి సార్లు ఎక్కించి దించాడు.

"మొదటిదానికి ఒక్కటే దారం, రెండోదానికి అయిదు. రెండోది ఎవ్వలదో గాని, దానికి జర ఓపిక ఉన్నది."

రెండోది నాది.

బావ గేరు మోటారును చేత్తో తాకి చూశాడు, వేడెక్కలేదు. "మీ అక్క చెప్పిందని పెడుతున్న. నువ్వు చెప్పినవని గాదు," అన్నాడు.

వనపర్తిలో మా వంతు వచ్చింది. బావ చేతిలో విమానం ఆకాశం మీద స్కేలు పెట్టి గీసినట్టు గీతలు గీసింది. చివరి విన్యాసంలో నిలువుగా పైకెక్కి, తల తిప్పి దిగడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చిందొక గద్ద. విమానం పక్కకు చేరి, రెక్కలు ముడిచి తానూ దూకింది. కొంతదూరం జోడీగా దిగాక దానికి విసుగొచ్చి, దాటేసి, కిందికి పోయి, ఒక చుట్టు తిరిగి తల పైకెత్తి చూసింది. మాది ఇంకా తీరిగ్గా దిగుతూనే ఉంది. మైదానమంతా చప్పట్లు!

మొదటి స్థానం మాదే. బావ కప్పు ఎత్తి పట్టుకుని అందరి ముందూ, "బామ్మర్ది, నువ్వు చెప్పింది నిజమే!" అని అరిచాడు. వనపర్తి నుంచి బిజినేపల్లి దాకా కనబడిన ప్రతి చాయ్ హోటల్ దగ్గరా బండి ఆపించి కథ చెప్పాను. హోటల్ హోటల్‌కూ గద్ద రెక్కలు జానెడు పెరిగిన మాట వాస్తవం.

ఇక టాంగ్ టెస్టర్ ముందు ఒప్పుకోక తప్పదు. ఒక ముక్క కల్పించాను. గద్ద అనుకుంటున్నారా? గద్ద వచ్చింది, అక్కనడగండి. కప్పు కూడా నిజమే. కల్పించింది బావ అరుపు. ఆయన కప్పు అక్క చేతికిచ్చి విమానం రెక్కలు విప్పుకుంటూ కూర్చున్నాడు.

వారం తర్వాత షాపుకొచ్చి తన పాత మోటారును నా బల్ల మీద పెట్టాడు. "ఉంచుకో, నాకు పనిలేదు." వెళ్లబోతూ గడప దగ్గర ఆగాడు.

"వానొస్తదా?"

"వస్తది బావా."

ఆయన చెయ్యి చాపి చూసుకోలేదు. స్కూటర్ డిక్కీలోంచి రెయిన్‌కోటు తీసి తొడుక్కుని, ఎండలోనే గద్వాల దారి పట్టాడు.